అర పైంటు రసికుడు

డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళలో ఈ రకం మనిషి ఒకడు తప్పకుండా తగులుతాడు. వాయించడం రాదు, పాడడం రాదు, తాగడం అంతంతమాత్రం. అయినా స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పేరెత్తితే చాలు, “మా పబ్బు” అంటాడు. తాగుడు పబ్బే గానీ సంగీతం జబ్బు పట్టుకుందని ఆ పబ్బు తన గురించి తానే చెప్పుకుంటుంది. ఆ జబ్బు మనవాడికి అంటుకుని, సలహాల రూపంలో బయటపడింది.

ఇండియా నుంచి చుట్టాలు దిగితే మొదట మోహర్ కొండ అంచులు, తర్వాత గిన్నిస్ ఫ్యాక్టరీ, ఆ పైన కాబుల్‌స్టోన్. కౌంటర్ దగ్గరే పాఠం మొదలవుతుంది. “చూడు బాబాయ్, ముందు ముప్పావు వంతు పోసి ఆపుతారు. నురగ కుదురుకున్నాక మిగతాది. మొత్తం 119.5 సెకన్లు.” అని ఫోన్లో టైమర్ కూడా పెడతాడు. పోసే మనిషికి ఇలాంటి వాళ్ళు అలవాటే కాబట్టి పట్టించుకోడు. శాకాహారి పిన్నికి ధైర్యం చెప్పే పూచీ కూడా మనవాడిదే. “ఒకప్పుడు దీన్ని తేర్చడానికి చేప పొట్టలో ఉండే గాలితిత్తి వాడేవారు పిన్నీ. కొన్నేళ్ళ కిందట మానేశారు. ఇప్పుడిది శుద్ధ శాకాహారం!” పిన్నిగారు ఆ రాత్రంతా మంచినీళ్ళు కూడా వాసన చూసి మరీ తాగుతారు.

తన కోసం మాత్రం అర పైంటు తెచ్చుకుంటాడు. అది పబ్బు మూసేదాకా వస్తుంది. అక్కడ ఒకరి తర్వాత ఒకరు బల్లకంతటికీ కొనిపెట్టడం రివాజు, దాన్నే రౌండ్ అంటారు. ఆ మర్యాద మీద గంటసేపు మాట్లాడగలడు గానీ, తన వంతు వచ్చేసరికి ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. రాత్రి పదింటికి, శనివారం నాడు.

కిటికీ పక్క మూలలో సెషన్ మొదలవుతుంది. స్టేజీ లేదు, మైకు లేదు. ఫిడిలు, ఫ్లూటు, బాంజో, మోచేత్తో తిత్తి నొక్కి వాయించే ఇలన్ పైప్స్, అందరూ ఒక బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు.

“మనకి వీపు చూపిస్తారేంట్రా?” అంటారు బాబాయ్.

“కచేరీ కాదు బాబాయ్, వాళ్ళలో వాళ్ళ కబుర్లు. మనం పక్కింటి గోడ మీంచి వింటున్నామంతే.”

నిజం చెప్పాలంటే ఇది మంచి మాట. ఇక్కడితో ఊరుకుంటే మనవాడు మహానుభావుడయ్యేవాడు. ఊరుకోడు. జిగ్ వస్తే “తకిట తకిట”, రీల్ వస్తే “తకధిమి తకధిమి” అంటూ తొడ మీద తాళం వేస్తాడు. తొమ్మిది దెబ్బల స్లిప్ జిగ్ వచ్చిన రోజున తొడ ఒకదారి, ఫిడిలు ఒకదారి. పైగా తల అడ్డంగా ఊపి, ఫిడిలు మనిషి వైపు జాలిగా చూస్తాడు.

మేకతోలుతో చేసే బౌరాన్ మన డప్పుకి దగ్గర చుట్టంలా ఉంటుంది. సెషన్‌కి అదొకటి చాలు, రెండోది వస్తే మర్యాద కాదు. సావనీర్ల కొట్లో కొన్న కొత్త బౌరాన్ చంకన పెట్టుకుని యాత్రికుడెవడైనా లోపలికొస్తే మనవాడి కళ్ళు ఎర్రబడతాయి. “ఈ టూరిస్టులున్నారే!” అంటాడు, తను పుట్టింది అక్కడే అన్నట్టు.

2021లో ఆ పబ్బు ఉన్న స్థలంలో హోటల్ కట్టే ప్రతిపాదన వచ్చింది. ఊళ్ళో సంగీతగాళ్ళు వీధికెక్కారు, వాయిస్తూ ఊరేగారు. ఆ నవంబరులో సిటీ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. మనవాడు ఇంట్లో సోఫాలో కూర్చుని ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం చేశాడు. ఇప్పుడు అడిగితే, “అప్పుడు మేం అడ్డుపడకపోతే...” అని వాక్యం సగంలో ఆపి నిట్టూరుస్తాడు.

అతను అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది నోబుల్ కాల్ గురించి. పాట పాడినవాళ్ళు తర్వాత ఎవరు పాడాలో పిలుస్తారు. పిలిస్తే కాదనకూడదు. “ఎంత గొప్ప సంప్రదాయం బాబాయ్! ఊరివాడా, దారినపోయేవాడా అని చూడరు.”

అలా చెబుతున్న ఓ రాత్రి పాట ముగించిన పెద్దావిడ, చలికి మఫ్లరు చుట్టుకు కూర్చున్న తెనాలి బాబాయి వైపు చెయ్యి చాపింది. మనవాడు “ఆయనకి ఇంగ్లీషు...” అని అడ్డుపడేలోపే బాబాయ్ మఫ్లరు విప్పి పిన్ని చేతిలో పెట్టారు. కాటి సీను ఎత్తుకున్నారు, జాషువా పద్యం. నాలుగు పాదాలు ఐపోయినా రాగం ఇంకా సాగుతూనే ఉంది. పైప్స్ మనిషి తిత్తి వదిలేసి, ఈ మనిషి ఊపిరెక్కడ తీసుకుంటున్నాడా అని వెతుకుతున్నాడు. మనవాడు మాత్రం పక్కవాళ్ళ మొహాలు చూశాడు. వాళ్ళకి నచ్చిందని తేలాక, తనకూ నచ్చింది. చప్పట్లు మోగగానే లేచి, “మా బాబాయ్!” అని నలుగురికీ చెప్పాడు.

బాబాయ్ చెమట తుడుచుకుని, “తర్వాత ఎవరు పాడాలో నేనేగా చెప్పాలి?” అన్నారు.

“అవును బాబాయ్, అదే ఇక్కడి పద్ధతి.”

“అయితే నువ్వు పాడరా.”

పబ్బంతా ఇటు తిరిగింది. మనవాడు జేబులు తడుముకున్నాడు. ఫోను బల్ల మీద, అందరి కళ్ళ ముందే, నల్లగా చడీచప్పుడూ లేకుండా పడి ఉంది.

“ఈ రౌండ్ నాది!” అని కేకేసి కౌంటర్ వైపు పరిగెత్తాడు. “బల్లకే కాదు, వాయించేవాళ్ళకి కూడా!”