ఒరగల్లు పంతులుగారు

కరణము లేని గ్రామములు కొన్ని యుండవచ్చును గాని, పరుల యింటికి క్రొత్తగా వచ్చిన బిందెను చేత బుచ్చుకొని, త్రిప్పి, బోర్లించి, మెటికతో మొట్టి, కనుబొమలు ముడిచి, "ఎంతకిచ్చాడేమిటి?" అని ప్రశ్నించి, చెప్పిన వెలలో మూడవ వంతు తగ్గించి, కొన్నవాని ముఖము వెలవెలబోయినగాని తాంబూలము ముట్టని మహానుభావుడు లేని గ్రామమును నేనింతవరకు చూడలేదు. మా యూర ఆయనను ఒరగల్లు పంతులుగారందురు. అసలు పేరు ఓటర్ల జాబితాలో నుండవలెను.

పంతులుగారి విద్య వట్టి డాంబికమని యెవరైన తలచినచో, వారు ఆయనను కళాయివాని కొలిమి యొద్ద చూచి యుండలేదన్నమాట. ఇత్తడి పాత్రలో పులుసు కాచినచో చిలుమెక్కునని యెల్లరకు తెలియును. అందులకే లోపల తగరపు పూత. అయితే తగరము ప్రియము, సీసము చౌక, కళాయివాడు సంసారి. కావున పంతులుగారు మొట్టమొదట వాని సంచిలోని తగరపు కడ్డీని అడిగి పుచ్చుకొని, కుడిచెవికి చేరువగా పట్టి, మెల్లమెల్లగా వంచుదురు. మేలిమి తగరము వంగునప్పుడు కిఱకిఱమని సన్నగా మూలుగును. సీసము పాలు హెచ్చినచో ఆ మూలుగు అణగిపోవును. ఆ క్షణమున పంతులుగారి కన్నులు మూతపడును; చుట్టును మూగిన పిల్లలు ఊపిరి బిగబట్టుదురు; కళాయివాడు తిత్తి యూదుట మాని యిష్టదైవమును తలచుకొనును. కడ్డీ పలికినదా, "ఊఁ, కానీ" యని యనుజ్ఞ. పలుకలేదా, వాడు నవసాగరపు పొట్లముతో సహా ప్రక్క వీథికి తరలవలసినదే. ఇంతకును ఆ పాత్ర పంతులుగారిది కాదు. కళాయి కూలి ఆయన యిచ్చునదియు కాదు. పాత్ర గల ఇల్లాలు, బియ్యము కడిగి యుంచుకొని, ఎసరు పెట్టుటకు గిన్నె లేక, గడపలో నిలుచుండి యీ శాస్త్రచర్చ యెప్పటికి ముగియునాయని యెదురుచూచుచుండును.

నిజము చెప్పవలెనన్న, ఆయన తీర్పు తప్పుట అరుదు. తప్పినచో మాకిన్ని చిక్కులు లేకపోవును.

రాగి నాలుగు పాళ్ళు, తగరము ఇంచుమించు ఒక పాలు కలిసినగాని కంచు కాదనియు, అట్టి కంచును వ్రేలితో మీటినచో నాదము సన్నగిలి సన్నగిలి చాలసేపు నిలుచుననియు ఆయనకు తెలియును. చెంబు బుడితిలో పుట్టినదో అజ్జరములో పుట్టినదో అంచు తడిమి చెప్పగలరు. బోలు పాత్రలకు బరువు హెచ్చించుటకు అడుగున లక్క కూరెడి మాయ ఆయన యెదుట సాగదు. తూచి యమ్మెడి దుకాణమునకు పోయినచో మొదటి మాట "పాసంగం చూపించు." ఉత్త త్రాసు ముల్లు నిలువునా నిలిచినగాని, ఏ పళ్ళెమునను వస్తువు పడనీయరు. 1958లో కిలోగ్రాములు వచ్చుట మొదలైనది మొదలు ఈ పరీక్షకు మఱియొక యంకము చేరినది: వీశెకు నలుబది పలములు, అనగా నూట యిరువది తులములు, కిలోకు ఎనుబదియాఱు తులములు నిండవు, కావున సెట్టి చెప్పిన కిలో వెలను వీశె వెలగా మార్చి, ఆ వెలను తమ వివాహకాలపు వీశె వెలతో పోల్చి, నడుమ నున్న వ్యత్యాసమునకు సెట్టినే సంజాయిషీ యడుగుదురు. ప్రభుత్వమువారి ప్రమాణముద్ర గల సరకులు వచ్చినవి, ఇక తమకింత శ్రమ యేల యని యెవరో అన్నందులకు, "ఆ ముద్ర వేసినవాడు కడ్డీ వంచి విన్నాడటా?" అని పంతులుగారు చిఱునవ్వు నవ్విరి.

ఒకనాడు ఇనుప సామానుల యంగడిలో కత్తిపీట బేరము జరుగుచుండెను. కొనుచున్నది పొరుగింటి కోడలు. పంతులుగారు దారిన పోవుచుండిరి. ఆయన ఆ కత్తిపీటను సాన పట్టువాని యొద్దకు పంపించి, లేచిన నిప్పురవ్వలను రెప్పవాల్పక పరికించిరి. రవ్వలు సూటిగా పొడుగుగా సాగి ఆరిపోయినచో పచ్చి యినుము. చిటిలి, చీలికలై విచ్చుకొన్నచో ఉక్కు. రవ్వలు సూటిగా సాగినవి. అంతట పంతులుగారు అంగడి యరుగుపై ఆసీనులై, నిజామాబాదు సీమయందలి కోనసముద్రమున పూర్వము మూసలలో ఉక్కు వండెడివారనియు, దానికై పారశీక దేశపు వర్తకులు వచ్చి పడిగాపులు పడెడివారనియు, డమాస్కస్ ఖడ్గములకు కీర్తి తెచ్చినది ఆ జాతి యుక్కేననియు, అట్టి దేశమున పుట్టి ఇట్టి రేకు ముక్కకు పీట తగిలించి యమ్ముట వంశమునకే యపకీర్తి యనియు ఉపన్యసించిరి.

అంగడివాడు చేతులు కట్టుకొని అంతయు విని, "బాబూ, అమ్మాయిగారు వంకాయలు తరుక్కోడానికండీ," అనెను.

"వంకాయకైతే మాత్రం?" అని పంతులుగారు లేచిపోయిరి. కోడలు ఆనాడు కత్తిపీట కొనలేదు. వారింట ఆ పూట ముద్దపప్పు.

ఇట్టివాని యింట సామగ్రి యెంత శ్రేష్ఠముగ నుండునో యని మీరు ఊహించుచుందురు. ఉన్నది; అటక మీద నున్నది. బంగారు చాయగల కంచుగిన్నెలు, మూడు తరములు నిలువదగిన గంగాళము, మూత బిగించినచో నీటిబొట్టు జాఱని మరచెంబు, అన్నియు గోనెపట్టలో చుట్టబడి, చింతపండుతో తోమబడు భాగ్యమునకు నోచుకొనక పడియున్నవి. మంచివి వాడినచో అరిగిపోవును. చెడ్డవి కొనుట అప్రతిష్ఠ. ఈ రెంటి నడుమ ఆ యిల్లాలు వంట చేయవలెను. అందుచేత ఆమె పంతులుగారి మధ్యాహ్ననిద్రాసమయమున, పాతబట్టలకు పాత్రలిచ్చు గంపమనిషిని సందులో నుండి పెరటిదారిన పిలిపించుకొని సంసారము గడుపుకొనుచున్నది. ఒకసారి విస్తరి ముందు క్రొత్త సత్తుగిన్నె కనబడినది. పంతులుగారు ఆపోశన మెత్తకుండగనే దానిని మీటిరి.

"ఇది సత్తు. అందులోను పలుచన. ఏమిచ్చావు?"

"మీ పాత ఉత్తరీయమండీ."

"జరీ యంచుదా? ఆ జరీలో వెండి యెంతుందో తెలుసునా?"

"చారు చల్లారిపోతోంది. కలుపుకోండి."

జరీని కరగించినచో వచ్చెడి వెండి తూకమును, నాటి ధరను నోటిలెక్కగా గుణించుచు ఆయన భోజనము చేసిరి. ఉప్పు చాలలేదను సంగతి ఆనాడు గుర్తింపలేదు. ఇల్లాండ్రకు ఇందులో నొక సౌకర్యము గలదని తోచుచున్నది.

అయితే పంతులుగారి పరీక్షావిద్య పరమప్రయోజనమును పొందినది మాత్రము మా యూరి సోదరులిద్దరు ఆస్తి పంచుకొనదలచిన దినముననే. పొలములు, ఇండ్లు ఉదయముననే తెగినవి. సామానులు మిగిలినవి. పెద్దమనుషులు వానిని రెండు రాసులుగ పోసి, ఎవరికేది కావలెనో కోరుకొమ్మనిరి. వ్యవహారము ముగియవచ్చినది. అంతలో ఎవరి దుర్బుద్ధియో గాని, వెలలు సరిచూచుటకు పంతులుగారిని రప్పించిరి.

పెద్దవాడు కోరుకొన్న పందిరిమంచమును చూచి, కోళ్ళు టేకే గాని పట్టెలు మాత్రము మామిడి చెక్కకు రంగు పూసినవని ఆయన సెలవిచ్చిరి. పెద్దవాడు మంచమును తమ్ముని రాసిలోనికి నెట్టి గంగాళము నడిగెను. గంగాళమునకు అడుగున మాటు వేసి యున్నదని చూపిరి. తమ్ముడు సంతోషించుచుండగా, అతని రాసిలోని కంచుగిన్నెను మీటి, నాదము తునిగినది, ఎక్కడనో వెండ్రుకవాసి బీట యున్నదనిరి. సన్నికల్లు మెత్తనిరాయి, ఏటికి చారెడు ఇసుక కడుపులోనికి పోవును. పడకకుర్చీకి కీలు వదులు. రోకలి పొన్ను అరిగినది. ప్రొద్దు వాలునప్పటికి రెండు రాసులును ఎవరికిని అక్కఱలేనివై, వసారా నడుమ ఒక్క రాసిగా కలిసిపోయినవి. సోదరులిద్దరు దానికి చెరియొక ప్రక్కను నిలిచి, తాత సంపాదించి తండ్రి వాడి తాము అన్నము తిన్న వస్తువులలో ఒక్కటియు వస్తువు కాదని విని, ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ప్రాతఃకాలము మొదలుకొని వారు చూచుకొనుట అదియే ప్రథమము.

"మా నాన్న ఈ గిన్నెలోనే అన్నం తినేవాడండీ," అని తమ్ముడనెను.

"అదే చెప్తున్నాను. ఆయన కాలానికే బీట వుండి వుంటుంది."

పెద్దవాడు మాటాడక ఆ గిన్నెను పంతులుగారి చేతినుండి పుచ్చుకొని తమ్మునికిచ్చెను. సామానులన్నియు ఇద్దరును మోసికొనిపోయి, మునుపటి కొట్టుగదిలోనే సర్దిరి. పంపకము సంగతి తరువాత చూచుకొందమని పెద్దమనుషులకు తాంబూలములిచ్చిరి. పెద్దవాడు కొట్టుగదికి తాళము వేయబోవుచుండగా, పంతులుగారు కండువా సవరించుకొని, "ఏదీ, ఆ తాళంకప్ప ఒకమాటు ఇలా తెండి," అని చేయి చాచిరి.