శిశుభౌతికశాస్త్ర ప్రహసనము

అన్నప్రాశననాడు శిశువు ముందర పుస్తకమును, కలమును, బంగారమును, పుష్పములను, కత్తిని వరుసగా నుంచి, వాడు ప్రాకిపోయి దేనిని ముట్టునో చూచి, దానినిబట్టి వాని భవిష్యత్తును నిర్ణయించుట మనవారిలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కాలానుగుణముగా దీనియందును సంస్కారము ప్రవేశించినది. కత్తిని తీసివైచి, దాని స్థానమున శిశువులకు క్వాంటం భౌతికశాస్త్రమును బోధించు దళసరి అట్టల ఆంగ్ల పుస్తకమొకటి నుంచుచున్నారు. శిశువు పువ్వులవైపు మరలినచో మేనత్త వానిని వెనుకకు లాగును. బంగారమువైపు మరలినచో మేనమామ దానిని జేబులో వేసికొనును. తుదకు గత్యంతరములేక ఆ పసివాడు పుస్తకముపై బడి దాని మూలను కొరికినంతనే, ‘మనవాడు ఐన్‌స్టీన్’ అని బంధుకోటి చప్పట్లు చరచును. ఐన్‌స్టీనునకు నాలుగైదేండ్ల ప్రాయమున తండ్రి చూపినది పుస్తకము గాదు, దిక్సూచి. అది కొరుకుటకు వీలుకానిది గనుక మనకు పనికిరాదు.

ఆ పుస్తకమును నేను నిందించుట లేదు. దానిని రచించిన క్రిస్ ఫెర్రీ స్వయముగా క్వాంటం శాస్త్రజ్ఞుడు. బంతితో మొదలిడి, ఎలక్ట్రాను వరకు, కొలది మాటలలో సాగిపోవు ముచ్చటైన కృతి యది. 2015లో ఫేస్‌బుక్ అధిపతి పురిటివాసన పోని తన పసికూనకు దానిని చదివి వినిపించుచున్నట్టి ఛాయాచిత్రము లోకమెల్ల తిరిగినది మొదలు మన అపార్టుమెంట్లలో దానికి గిరాకి హెచ్చినది. చిక్కెక్కడ ననగా, పుస్తకములోని బంతిని వేలుపెట్టి చూపించు తండ్రియే, మేడమెట్లమీదినుండి నిజమైన బంతి దొర్లి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క తీరున ఎగిరి, క్రింది వాటాలోని తులసికోటను తాకునప్పటికి, బిడ్డ వీపు విమానము మోత మ్రోగించును. చెంచాను క్రిందికి పడవేసి, తల్లి తీసి యిచ్చిన పిమ్మట మరల పడవేసి, ఈసారియు క్రిందికే పోవునా, పైకెగురునా యని తదేకదృష్టితో పరీక్షించు శిశువును మించిన ప్రయోగశీలి యే విశ్వవిద్యాలయమునందును కానరాడు. ప్రయోగమును పలుమారులు చేసిగాని నిశ్చయమునకు రాగూడదను నియమమును వానికెవ్వరును నేర్పలేదు. వానికి మనము పెట్టిన పేరు మొండిఘటము.

యాకోవ్ పెరెల్మాన్ అను రష్యను రచయిత 1913లో వెలువరించిన వినోద భౌతికశాస్త్ర గ్రంథమున, ఉడికిన గ్రుడ్డును పచ్చి గ్రుడ్డును పగులగొట్టకయే గుర్తించు ఉపాయమొకటి కలదు. రెంటిని పళ్లెములో బొంగరమువలె త్రిప్పవలెను. ఉడికినది నిగనిగలాడుచు జోరుగా తిరుగును. పచ్చిది రెండు చుట్లు తూలి చతికిలబడును, ఏలయన లోపలి ద్రవము పెంకుతో కూడ కదలుటకు బద్ధకించును. అంతకన్న విచిత్రము మరియొకటి: తిరుగుచున్న పచ్చి గ్రుడ్డును వ్రేలితో ఒక్క క్షణమాపి విడిచినచో, పెంకు ఆగినను లోపలి సొన ఆగదు గావున, అది తనంతట మరల కదలును. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకములు విశాలాంధ్ర దుకాణములలో కారుచౌకగా లభించిన దినములలో ఇట్టి విద్యలు నేర్చిన పిల్లలు పెక్కురు గలరు. వారే నేడు తాతలై, మనుమడు గ్రుడ్డును త్రిప్పబోగా ‘ఒరేయ్, ప్రొటీన్‌తో ఆటలేమిట్రా!’ అని గద్దించుచున్నారు.

అరవింద్ గుప్తా యని యొక మహనీయుడు కలడు. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, 1970లలో మధ్యప్రదేశమందలి హోషంగాబాదు పల్లెబడుల విజ్ఞానబోధన కార్యక్రమమునకు పోయి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను అతికి త్రిభుజములను, ఘనములను నిర్మింపజేసి, చెత్తబుట్టలోని వస్తువులతో బొమ్మలు చేయించి, 2018లో పద్మశ్రీ నందెను. ఐ.ఐ.టి.నుండి బయలుదేరి అగ్గిపుల్లకు చేరుట ఆయన మార్గము. మన మార్గము వేరు. అగ్గిపుల్లను ముట్టనీయక, ఆరవ తరగతినుండియే ‘ఐ.ఐ.టి. ఫౌండేషన్’ అను పేర తెల్లవారుజామున లేపి, రాత్రి స్టడీ అవర్ ముగియువరకు కూర్చుండబెట్టి, అగ్గిపుల్ల ఎంత వేగముతో క్రిందపడునో సూత్రము ద్వారా రాబట్టుటకు మాత్రమే యనుమతింతుము. వస్తువును చూడకుండ దాని లెక్క చేయగల్గుట ప్రతిభ. చూచి చేయుట కాలహరణము.

ఏటేట ఫిబ్రవరి 28న, రామన్ ఫలితము 1928లో వెల్లడియైన దినమని, పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనలు జరుగును. విశాఖపట్టణమున బాల్యము గడపిన ఆ రామన్, 1921లో ఓడపై తిరిగివచ్చుచు, సముద్రపు నీలిమ ఆకాశపు నీడ మాత్రమే యన్న పెద్దల మాటను నమ్మక, జేబులోని నికోల్ పట్టకమును తీసి తానే పరీక్షించి చూచెను. ఆయన స్మృత్యర్థము మన తండ్రులు రాత్రియెల్ల మేల్కొని థర్మకోల్ కోయుదురు. తీరిక లేనివారు దుకాణమున సిద్ధముగానున్న ‘వర్కింగ్ మోడల్’ కొనితెత్తురు. ప్రదర్శననాడు బిడ్డ కంఠస్థము చేసిన ఉపన్యాసము నప్పగించును; బల్బు వెలుగకపోయినను ఉపన్యాసము ఆగదు.

ఇక కొవ్వొత్తి సంగతి. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 క్రిస్మసు సెలవులలో మైకేల్ ఫారడే, ఒకప్పుడు తాను కుట్టుచున్న పుస్తకములనే చదివి విద్వాంసుడైన ఆ జిల్దుపనివాడు, బాలబాలికలకు ఒక్క కొవ్వొత్తిని గూర్చియే ఆరు ఉపన్యాసము లిచ్చెను. మనకు గైడులోని అరపేజీ చాలును: పళ్లెములో నీరు పోసి, కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించినచో దీపమారి నీరు లోపలికెక్కును, ఆక్సిజను ఐదింట నొకవంతు ఖర్చగుటయే కారణము. మా వీథిలో నాల్గవ తరగతి చదువు బాలిక, తల్లి నిద్రించుచుండగా దీనిని నిజముగా చేసి చూచినది. గ్లాసు బోర్లించునప్పుడే అంచునుండి బుడగలు బయటికి పోయెను. దీపము వెలుగుచున్నంతసేపు నీరు మెల్లగా కదలి, ఆరిన తోడనే జర్రున పైకెక్కెను. మూడు కొవ్వొత్తులు పెట్టగా మరింత పైకెక్కెను. వేడికి వ్యాకోచించిన గాలి కొంత పారిపోయి, మిగిలినది చల్లబడి కుంచించుకొనగా, బయటి గాలి నీటిని లోనికి నెట్టుటయే ముఖ్యకారణమని ఆమె కెవ్వరును చెప్పలేదు. కాని గైడులోని మాట అతుకుటలేదని మాత్రము గ్రహించినది.

“మేడమ్, మూడు కొవ్వొత్తులు పెడితే గ్లాసులో ఆక్సిజను మూడింతలవుతుందా?”

“సిలబస్‌లో కొవ్వొత్తి ఒక్కటే ఉందమ్మా, కూర్చో.”

తండ్రి మరింత దూరదృష్టి గలవాడు. ఇది ఎంట్రెన్సులో వచ్చునా యని మొదట విచారించి, రాదని తెలిసికొని, కొవ్వొత్తులను బీరువా పైఅరలో పెట్టించెను. బాలిక యూనిట్ టెస్టులో ‘ఐదింట ఒకవంతు’ అని వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొనగా, ఆ సాయంకాలమే ఆమెను ఫౌండేషన్ తరగతిలో చేర్చుకొనుటకు పాఠశాలవారు సమ్మతించిరి. వయస్సు రెండేండ్లు తక్కువైనను, విషయమునందు ఎట్టి సందేహములును లేవు గనుక.