చెవిలో బాబాయి

ప్రతి పెళ్లిలోనూ ఒక చెవిలో బాబాయి ఉంటాడు. మామూలు గొంతుతో మాట్లాడటం ఆయనకి చేతకాదు. వంకాయ కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతైనా సరే, భుజం మీద చెయ్యేసి, దగ్గరికి లాక్కుని, చెవికి రెండంగుళాల దూరం నుంచి చెప్పాల్సిందే. విన్నవాడు కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి తలాడిస్తాడు. తన మాటకి ఇంత తన్మయత్వమా అని బాబాయి ఇంకో పది నిమిషాలు పొడిగిస్తాడు.

అలాగని ఆయన్ని శుభ్రం లేని మనిషంటే పాపం తగులుతుంది. పొద్దున్నే ఆరింటికల్లా నోట్లో బ్రష్షుతో వీధిలోకి వస్తాడు. పాలబ్బాయితో, పేపరబ్బాయితో, ఎదురింటాయనతో నురగలోంచే రాజకీయాలు మాట్లాడతాడు. అరగంట సాగే ఈ కార్యక్రమంలో బ్రష్షు కదిలేది కాసేపే. అదీ ఫొటోలో కనిపించే పళ్ల మీదే. దంతవైద్యులు చెప్పేది రెండు పూటలా రెండేసి నిమిషాలు. రాత్రిపూట తోముకోవడం పట్నం పిల్లల వేషాలని బాబాయి అభిప్రాయం. మూడు నాలుగు నెలలకోసారి బ్రష్షు మార్చాలని ఎవరైనా అంటే, కుచ్చంతా నాలుగు దిక్కులకీ వాలిపోయిన తన బ్రష్షు చూపించి, "పిడి ఇంకా గట్టిగానే ఉందిగా!" అంటాడు.

వాళ్ల నాన్నగారు వేపపుల్లతో తోముకుని, అదే పుల్లని నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. బ్రష్షు వచ్చి పుల్లని గెంటేసింది, దాంతోపాటే నాలుక గీసుకోవడమూ పోయింది. బంగారం, వెండి, రాగి వగైరా లోహాలతో నాలుక బద్దలు చేయించుకోమని చరక సంహిత ఏనాడో చెప్పింది. బాబాయి బీరువాలో వెండి కంచాలున్నాయి, వెండి కుంకుమ భరిణెలున్నాయి, ఈ ఒక్క వస్తువు మాత్రం లేదు.

అసలు కథ నడిచేది ఆ నాలుక వెనక భాగంలోనే. అక్కడి గరుకులో గాలి తగలకుండా బతికే బాక్టీరియా, చిక్కుకున్న ఆహారంలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి గంధకపు వాయువుల్ని వదులుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్డు వాసన. దాని జోడీ మిథైల్ మెర్కాప్టాన్. వంట గ్యాసు లీకైతే తెలియడానికి సిలిండర్లలో కలిపేది కూడా ఈ మెర్కాప్టాన్ల కుటుంబంలోదే. అయితే గ్యాసు లీకైతే 1906కి ఫోన్ చెయ్యొచ్చు. బాబాయి విషయంలో ఆ సదుపాయం లేదు.

పిన్ని మాత్రం ఒకసారి ధైర్యం చేసింది. "కడుపులో వేడే! మజ్జిగ తాగితే పోతుంది," అని తేల్చేశాడు. మనవాళ్లలో చాలామంది నోటి నేరాన్ని ఇలాగే కడుపు మీదకి తోసేస్తారు. ఎక్కువమందిలో ఈ వాసన పుట్టేది నోట్లోనే. అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది కాబట్టి, త్రేన్పు వస్తే తప్ప కడుపులోది పైకి రాదు. పైగా బాబాయి శనివారాలు ఒక్కపొద్దుంటాడు. నోరెండితే కడిగే లాలాజలం తగ్గి, వాసన ఇంకాస్త పుంజుకుంటుంది. ఆరోజు ఆయన చెప్పే రహస్యాలు మరీ ఘాటుగా ఉంటాయి.

యాలక్కాయలు, సోంపు, పిప్పరమెంట్లు జేబులో ఎప్పుడూ ఉంటాయి. అల్లుడు అమెరికా నుంచి లిస్టరిన్ కూడా తెచ్చిచ్చాడు. 1879లో గాయాలు కడిగే మందుగా పుట్టి, 1920ల్లో ప్రకటనల పుణ్యమా అని నోటి మందుగా ఆ దేశమంతా అమ్ముడుపోయిన సరుకది. బాబాయి పుక్కిలించాడు. అరగంటపాటు పరిమళించి, మళ్లీ మామూలైపోయాడు.

ఎవరి నోటి వాసన వాళ్ల ముక్కుకి అలవాటైపోతుంది, అందుకే ఆయనకేమీ తెలియలేదు. 2020లో మాస్కు తగిలించుకున్నాక తెలిసింది. తెలిసిందంటే, మాస్కు గుడ్డ కుళ్లిందని తెలిసింది. మందుల షాపుకెళ్లి దెబ్బలాడి మార్చుకొచ్చాడు. రెండోదీ కుళ్లిందే. మూడోది వేరే షాపులో కొన్నాడు. అప్పటికి గానీ అనుమానం గుడ్డ మీంచి మనిషి మీదకి మళ్లలేదు.

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. కింది పళ్ల వెనక ఏళ్లనాటి గార, చిగుళ్ల వాపు, నాలుక మీద తెల్లటి పొర. షుగరుందా, బీపీ మాత్రలు వాడుతున్నారా అని అడిగింది, కొన్ని మాత్రలకి కూడా నోరెండుతుందట. గార గీకి, చిగుళ్లకి వైద్యం చేసి, రోజూ నాలుక గీసుకోమంది. బ్రష్షు దూరని పళ్ల సందుల్లోకి దారం వెయ్యమని చిన్న డబ్బా కూడా రాసిచ్చింది.

ఇప్పుడు బాబాయి ఆ శాస్త్రంలో పండితుడు. కనబడ్డవాడినల్లా "ఏదీ, నాలుక చాపు" అంటున్నాడు. మొన్న గృహప్రవేశంలో వియ్యంకుణ్ణి పక్కకి లాక్కుని, "బావగారూ, మీరూ ఇది వాడాలి," అని చెవిలో చెబుతూ జానెడు దారం తెంపి చేతిలో పెట్టాడు. వియ్యంకుడు భక్తిగా కళ్లకద్దుకుని, కుడి మణికట్టుకి చుట్టుకుంటూ అడిగాడు: "ఏ క్షేత్రం నుంచి తెచ్చారు బావగారూ?"