చుట్టూ నీళ్ళే, నాకు మాత్రం దాహం

నేను పడవ ఇంజన్ని. ఔట్‌బోర్డు మోటారంటారు. పడవ వెనక చెక్కకు బిగించి, నా కాలు నీళ్ళలోకి దించుతారు. మా జాతిని జనంలోకి తెచ్చిన వాళ్ళలో పెద్దపేరు ఓలే ఎవిన్‌రూడ్‌ది. నార్వేలో పుట్టి అమెరికా వలసపోయిన ఆయన 1909లో మమ్మల్ని అమ్మకానికి పెట్టాడు. తెడ్డేసుకుంటూ వచ్చేసరికి ప్రియురాలి కోసం తెచ్చిన ఐస్‌క్రీం ఎండకు కరిగిపోయిందట, ఆ ఉక్రోషంతోనే మోటారు చేశాడట. కట్టుకథైనా కావచ్చు, నాకిష్టం. వేడి మా పుట్టుకతోనే ఉందన్నమాట.

మొదట నెల్లూరు తీరంలో చేపల పడవకు పనిచేశాను. తర్వాత నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొని సోమశిల తెచ్చారు. పెన్న మీది ఈ జలాశయం నిండితే 78 టీఎంసీలు, వెనక నీళ్ళు కడప జిల్లాలోకి పోతాయి. అంత నీటి మీద తేలుతూ నేను నీళ్ళందక చావబోయాను.

కారుకున్నట్టు నాకు రేడియేటరు లేదు. ఏ నీళ్ళలో నడుస్తానో ఆ నీళ్ళే తాగాలి. కాలి దగ్గర జాలీ, దాని పైన రబ్బరు రెక్కల ఇంపెల్లర్ ఉంటాయి. అది తిరుగుతూ నీళ్ళను పైకి తోసి సిలిండరు చుట్టూ తిప్పుతుంది. తాగిన పెట్రోలులో సగానికి మించి వేడిగానే పోతుంది మరి! వేడెక్కిన నీళ్ళు చాలావరకు పొగతో పాటే కిందికి పోతాయి. సన్నటి ధార ఒకటి మాత్రం పక్కనుంచి బయటికి కారుతుంది. సరంగు కన్ను దాని మీదే ఉండాలి.

ఆ ఎండాకాలం నీళ్ళు బాగా తీశాయి. ఒడ్డంతా బురద. ఎవరో పారేసిన పాలిథిన్ కవరు నా జాలీకి అతుక్కుంది. ధార చుక్కలైంది, చుక్కలు ఆవిరయ్యాయి. పెయింటు కాలిన వాసన, ఆపైన బజరు మోత. అప్పుడే ఆపేయాల్సింది. ఎలాగోలా గట్టు చేరదామని సరంగు స్పీడు పెంచాడు. పిస్టన్ ఉబ్బి సిలిండర్ని పట్టేసింది. ఆగిపోయాను. బక్కెట్టుతో చన్నీళ్ళు పోయబోతుంటే పడవలో ఉన్న పెద్దాయనెవరో అతని చెయ్యి పట్టుకున్నాడు. కాలిన హెడ్డు మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. ఆ చెయ్యి పుణ్యమా అని బతికాను.

సరంగు మేనమామ కొండాపురంలో మెకానిక్కు. ట్రాలీ ఆటోలో నన్ను అక్కడికి చేర్చారు. మెట్ట ప్రాంతం. బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. బోర్లొచ్చాక ఆ పని సన్నగిల్లింది. నా కథ విని షెడ్డు ముందు కూర్చున్న రైతొకాయన, "సోమశిల నీళ్ళు మాకే రాలేదనుకున్నా, దీనికీ అందలేదా?" అన్నాడు. సోమశిల నుంచి ఉదయగిరి మెట్టకు హైలెవెల్ కాలువ తెస్తామన్న మాట ఏళ్ళుగా వింటున్నవాళ్ళు ఇక్కడి రైతులు. ఆ ఎత్తిపొడుపు నా మీద కాదులే.

మెకానిక్కు మాత్రం నవ్వలేదు. "నీళ్ళు తాగతా ఉండాదా అల్లుడా?" అన్నాడు ముందుగా.

"యాడ మామా, చుక్క లేదు."

హెడ్డు విప్పుతాడని భయపడ్డాను. ఆయన కాలు విప్పాడు. ఇంపెల్లర్ రెక్కలు బిర్రబిగిసి ఒకవైపే వాలిపోయాయి, ఒకదాని కొస తెగిపోయింది. కొత్త ఇంపెల్లర్ వేసేముందు ఆ తెగిన ముక్క ఎక్కడుందోనని వెతికాడు. గొట్టం మెడలో ఇరుక్కుని దొరికింది. "దీన్ని వదిలేస్తే కొత్తది ఏసినా ఇదే గోస," అంటూ పట్టకారుతో లాగాడు. తర్వాత, వేడెక్కితే తెరుచుకుని నీళ్ళు వదలాల్సిన థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, పొయ్యి మీద గిన్నెలో కాగుతున్న నీళ్ళలో వేలాడదీశాడు. తెరుచుకోలేదు. లోపలంతా ఉప్పు పక్కు. సముద్రం మీద నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడగాలన్నది ఆ తీరంలో ఎవరికీ పట్టలేదు. పక్కు మొత్తం గీకి, అదీ కొత్తది వేశాడు. పిస్టన్ నూనె పోస్తే వదిలింది, నా అదృష్టం.

నీళ్ళు లేకుండా స్టార్టు చేస్తే కొత్త రబ్బరు నిమిషాల్లో కాలిపోతుంది. అందుకని డ్రమ్ము నిండా నీళ్ళు పోయించి, నా కాలు అందులో దించి తాడు లాగాడు. ధార వచ్చింది. వేలు పెట్టి చూసి, "గోరువెచ్చగా ఉండాది, తీసకపో" అన్నాడు.

మీరెప్పుడైనా పడవెక్కితే, ఇంజను స్టార్టయ్యాక పక్కన ధార కారుతోందేమో చూడండి. కారకపోతే ఆపమని సరంగుకు చెప్పండి. తెడ్లు, లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో కూడా అప్పుడే అడగండి. కవర్లు మాత్రం నీళ్ళలో వేయకండి.