జింకల్లేని చోట టికెట్ కౌంటర్

కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం అమ్మకానికి పెట్టిన 400 ఎకరాల్లో పులుల్లేవు, జింకల్లేవు, అభివృద్ధికి అడ్డం పడే గుంటనక్కలు మాత్రం ఉన్నాయని ముఖ్యమంత్రి 2025 మార్చిలో నిండు శాసనసభలోనే తేల్చేశారు. ఏప్రిల్ మొదటి వారం తిరిగేసరికి అదే చోట, ప్రపంచంలోని అతిపెద్ద ఎకో పార్కుల్లో ఒకటి రాబోతోందని ప్రభుత్వ వర్గాల పేరిట పేపర్లలో కబురొచ్చింది. ఆ 400 ఎకరాలు చాలవట. పక్కనున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) ప్రాంగణాన్ని కూడా కలిపేసుకుని మొత్తం 2,000 ఎకరాలు చేస్తారట. మరి యూనివర్సిటీ? దానికేం, ఫ్యూచర్ సిటీకి పంపేస్తారు. 100 ఎకరాలు, 1,000 కోట్లు ఇస్తామన్నారు కదా!

ఈ కబురు చదివి రాష్ట్రంలో అందరికన్నా ముందు స్పందించింది తార్నాకలో ఒక కుటుంబం. పేరుతో పనిలేదు, తార్నాకలో మనుషుల కన్నా స్ట్రీట్ నంబర్లే ఎక్కువ చెలామణీ అవుతాయి. ఇంటి పెద్ద ఉస్మానియాలో ఫైళ్లు నడిపీ నడిపీ రిటైరైన సెక్షన్ ఆఫీసరు. వేసవి సెలవులకు మనవణ్ణి చెరువులూ జలపాతాలూ ఉన్న అడవికి తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు. కుంటాలకి పోదామంటే ఎండాకాలం బండలు తప్ప నీళ్లుండవు. మల్లెలతీర్థం మెట్లు దిగడానికి మోకాళ్లు ఒప్పుకోవు. అలాంటి సమయంలో ఎకో పార్కు వార్త కంటబడింది. తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పనే లేదు. దిగితే గచ్చిబౌలి ఆ పక్కనే.

"తాతా, అక్కడ జింకలుంటయా?" అని అడిగాడు మనవడు.

"పార్కు కట్టకముందు లేవు బిడ్డా. కట్టినంక ఉంటయి."

పిల్లవాడు తృప్తి పడలేదు. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక అని బడిలో చెప్పారు. రాష్ట్ర పక్షి పాలపిట్ట, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు అని వరసగా అప్పజెప్పగలడు. రాష్ట్ర జంతువు రాష్ట్ర రాజధానిలో లేదని సాక్షాత్తూ సభా నాయకుడే అంటే ఇక పరీక్షలో ఏం రాయాలన్నది వాడి బాధ. తాత ఆలోచించి, ప్రస్తుతానికి ఆ ప్రశ్న చాయిస్‌లో వదిలేయమన్నాడు.

ఆ రాత్రే ఆయన పద్ధతి ప్రకారం ఒక నోట్ ఫైలు తెరిచాడు. విషయం: ఎకో పార్కు సందర్శన, ముందస్తు ఏర్పాట్ల గురించి. మొదటి పేరాలోనే చిక్కొచ్చింది. చూడదగ్గ జంతువులు అన్న చోట శాసనసభ రికార్డు ప్రకారం గుంటనక్కలు అని మాత్రమే రాయడానికి వీలుంది. కానీ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంతో హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్ స్వయంగా అక్కడికి వెళ్లి నెమళ్లను, జింకలను చూశానని నివేదిక పంపారు. అంటే జింక ఢిల్లీ రికార్డులో ఉంది, హైదరాబాద్ రికార్డులో లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి సందర్భం ఆయనకు ఎదురైంది ఒక్కసారే, ఒక అటెండరు జీతాల రిజిస్టరులో బతికుండి పెన్షను రిజిస్టరులో పోయినప్పుడు. అప్పుడు చేసిందే ఇప్పుడూ చేశాడు. "స్పష్టత కోసం పై అధికారులకు సమర్పించడమైనది" అని రాసి రెండో పేరాకు దిగాడు.

రెండో పేరా ఫొటోల గురించి. జింక ఎదురైతే ఫొటో తీయవచ్చునా? కంచ గచ్చిబౌలి నుంచి బయటికొచ్చిన ఫొటోలు, వీడియోలు చాలావరకు కృత్రిమ మేధతో తయారు చేసి జనాన్ని తప్పుదోవ పట్టించినవని ప్రభుత్వం అంది. వాటిలో కొన్ని నిజంగానే అలాంటివి కూడాను. కాబట్టి ఫోన్లు ఇంట్లో పెట్టి, మనవడి డ్రాయింగ్ పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్లాలని నిర్ణయం. అయితే మనవడు బొమ్మ మరీ బాగా వేస్తే అదీ అనుమానానికి తావిస్తుంది. కాళ్లు కాస్త వంకరగా వేయమని పిల్లవాడికి మౌఖికంగా ఆదేశాలు జారీ అయ్యాయి.

చెరువుల విషయంలో ఇబ్బంది లేదు. పీకాక్ లేక్, బఫెలో లేక్ అని విద్యార్థులు ఏనాడో పేర్లు పెట్టుకున్నారు. గేదె మీద ఇప్పటిదాకా ఏ సభలోనూ ప్రకటన రాలేదు గనక బఫెలో లేక్‌కు నిర్భయంగా వెళ్లవచ్చు. పీకాక్ లేక్ దగ్గర మాత్రం నీళ్లను చూసి వచ్చేయాలి, పేరు పైకి చదవకూడదు.

జలపాతాలకు గచ్చిబౌలి దాకా పోనక్కర్లేదు. తార్నాకలో గట్టి వాన ఒకటి పడితే చాలు, మెట్రో వంతెన మీది నీరు స్కూటర్ల మీద పడే తీరుకు కుంటాల కూడా కుళ్లుకోవాల్సిందే. ఏప్రిల్ 3 నాటి వాన చార్మినార్ మినారు మీది సున్నపు పెచ్చునే ఊడగొట్టింది, తార్నాక ఎంత! ఎకో పార్కు వాళ్లకు జలపాతం కావాలంటే డిజైను ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది.

పార్కు పరిమాణం మీద ఫైలులో చిన్న అభ్యంతరం నమోదైంది. 1872లో మొదలైన అమెరికా ఎల్లోస్టోన్ దాదాపు 22 లక్షల ఎకరాలు. 2,000 ఎకరాలతో ప్రపంచస్థాయి రికార్డుల జోలికి ఎలా పోతారో సెక్షన్ ఆఫీసరుకు అంతుబట్టలేదు. కానీ ఇంటావిడ అందుకుని, "మనూర్ల ఉన్న కేబీఆర్ నేషనల్ పార్కు సంగతి మర్చిపోయిన్రా?" అంది. నిజమే. 2020లో ఆ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం ఎంత ఉండాలో నోటిఫై చేశారు: తక్కువలో తక్కువ 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే ఆవిడ చీర కొంగు పట్టుకుని ఒక చివర తాత, ఒక చివర మనవడు నిలబడినంత. ఒక చివర జింక సున్నితత్వం, ఇంకో చివర కారు హారను. ఈ కొలతలతో పోలిస్తే 2,000 ఎకరాలు నిజంగానే ఖండమంత.

మర్నాడు పొద్దున ఈ ఫైలు ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్ మిత్రమండలి ముందుకు వెళ్లింది. అసలు కథ అక్కడ మలుపు తిరిగింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని మండలి సభ్యులు విషయాన్ని తార్కికంగా పరిశీలించారు. ఒక యూనివర్సిటీ ఉంది. అందులో చెట్లున్నాయి, చెరువులున్నాయి, నెమళ్లున్నాయి. వాటిని కాపాడండని పిల్లలు రోడ్డెక్కారు. ప్రభుత్వం విన్నది. కాపాడటానికి యూనివర్సిటీని ఖాళీ చేయిస్తానంది. ఇదే సూత్రమైతే ఉస్మానియా సంగతేమిటి? ఇక్కడా చెట్లున్నాయి, వానాకాలం చెరువులున్నాయి. ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరుగా ఉన్న అడిక్‌మెట్ నేల ఇది. 1,600 ఎకరాల పైచిలుకుతో మొదలై, చుట్టూ ఆక్రమణలు కొరగ్గా మిగిలిన క్యాంపస్. అన్నిటికన్నా ప్రమాదకరంగా, ఇక్కడ నెమళ్లు కూడా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే లా కాలేజీ వైపు నుంచి ఒక నెమలి కూసింది. మండలి మొత్తం ఒక్కసారిగా దగ్గింది.

"నెమలి కాదది. వాటర్ ట్యాంకర్ బ్రేకు" అన్నాడొక రిటైర్డ్ ఇంజనీరు, అటూ ఇటూ చూసి.

మళ్లీ కూసింది. ఈసారి హాస్టల్ నుంచి టీకి వచ్చిన ఒక పీహెచ్‌డీ కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. "సార్, మార్చి 13 సర్క్యులర్ సూడలేదా? డిపార్ట్‌మెంట్లల్ల, అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ కాడ ధర్నాల్లేవు, నినాదాల్లేవు. అది ఏ బిల్డింగ్ మీద ఎక్కి అరిచిందో సూసుకోవాలె. అనుమతి లేకుంటే లోపలేస్తరు." అతని లెక్క ప్రకారం నెమలి చేసింది నినాదమే, పైగా రెండుసార్లు.

దాంతో మండలి అత్యవసర తీర్మానాలు చేసింది. క్యాంపస్‌లో నెమలి కనబడితే కోడి అనాలి. ముంగిస కనబడితే ఉడత అనాలి. పిట్టల పేర్లు తెలిసినవాళ్లు ఆ సంగతి బయటపెట్టకూడదు. బైనాక్యులర్లు మెడలో వేసుకుని వచ్చే జువాలజీ పిల్లల్ని మర్యాదగా మందలించాలి. వృక్షశాస్త్రం వాళ్లు చెట్లకు కట్టిన శాస్త్రీయ నామాల రేకులు రాత్రికి రాత్రి తీయించి, వాటి స్థానంలో "సర్కారు తుమ్మ" అని రాయించాలి. అడవి అని ఎవరూ గుర్తుపట్టకపోతే ఎకో పార్కు రాదు. ఎకో పార్కు రాకపోతే 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీని గులాబీ రంగు రాయితో సహా విప్పి, లారీలకెక్కించి ఫ్యూచర్ సిటీకి తోలాల్సిన అవసరం రాదు.

హెచ్‌సీయూకి ఇల్లు మారడం కొత్త కాదని ఒకాయన ఊరడించబోయాడు. 1974లో అది అబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది, తర్వాతే గచ్చిబౌలికి వెళ్లింది. అప్పుడు దాన్ని ఊరి బయట రాళ్లలోకి, పొదల్లోకి పంపినందుకు ఎవరికీ అసూయ లేదు. యాభై ఏళ్లు గడిచేసరికి ఆ రాళ్ల పక్కన గజం ధర చూసి ఊరే యూనివర్సిటీ దగ్గరికి నడిచొచ్చింది. ముల్కీ, జై ఆంధ్ర ఉద్యమాల మంటలు చల్లార్చడానికి 1973లో కుదిరిన ఆరు సూత్రాల్లో ఒకటి ఆ యూనివర్సిటీ. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అని ప్రత్యేకంగా ఒక అధికరణం కూడా చేర్చారు. రాజ్యాంగం ఇచ్చిన అడ్రసును ఒక ప్రెస్ లీకుతో మార్చవచ్చునా అన్న ప్రశ్న సెక్షన్ ఆఫీసరు ఫైలులో మూడో పేరాగా చేరింది.

నాలుగో పేరా టికెట్ల గురించి. పెద్దలకు, పిల్లలకు ధర వేరుగా ఉండొచ్చు. అక్కడే చదువుకుని, అక్కడి చెరువు గట్టున కూర్చుని థీసిస్ రాసుకున్న పిల్లలు ఫ్యూచర్ సిటీ నుంచి బస్సెక్కి వచ్చి ఆ చెరువును చూడాలంటే రాయితీ ఏమైనా ఉంటుందా?

ఆ పేరా దగ్గర ఆయన కలం ఆగింది. ఇంక ఎవరి కలమైనా ఆగాల్సిందే.

ఎందుకంటే పండగ పూట అక్కడ జరిగింది పార్కు కట్టాలనుకున్నవాళ్లు చేసే పని కాదు. మార్చి 30 ఆదివారం, ఉగాది. మర్నాడు రంజాన్, ఆ మర్నాడూ సెలవే. జనం పచ్చడి తింటూ పంచాంగం వింటున్న రోజు చూసుకుని చెట్లు కొట్టడానికి పదుల సంఖ్యలో యంత్రాలు దింపారు. పొద్దుగూకాక లైట్లు వేసి మరీ నడిపారు. అడ్డం వెళ్లిన పిల్లల్ని ఈడ్చి వ్యాన్లలో వేశారు. యాభై మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు, ఇద్దర్ని రిమాండుకు పంపారు. సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు వంద ఎకరాలు నేలమట్టం. మర్నాడే, ఏప్రిల్ 4న, క్యాంపస్‌లో కుక్కల దాడికి గాయపడి ఒక చుక్కల జింక చచ్చిపోయింది. దాన్ని ఏ యాప్‌లో తయారు చేశారో చెప్పండి. పశువైద్యుడి బల్ల మీద దాని గాయం నుంచి కారింది ఏ రకం కృత్రిమ మేధో చెప్పండి.

అమ్మడానికి గీసిన 400 ఎకరాల గీత కోర్టులో చెరిగిపోయేసరికి 2,000 ఎకరాల గీత గీసి దానికి పచ్చరంగు వేస్తే అది ప్రాయశ్చిత్తం కాదు, పిల్లల మీద కసి. నోరెత్తిన వాణ్ణి ఇల్లు ఖాళీ చేయించే బస్తీ దాదా పద్ధతి. అడవిని కాపాడినవాళ్లను అడవి నుంచి వెళ్లగొట్టి, అడవిని కొట్టినవాళ్లే గేటు దగ్గర కూర్చుని టికెట్లు చింపుతారా?

అడవి మీద అంత ప్రేమే ఉంటే, ముందు సుప్రీంకోర్టు అడిగినవాటికి జవాబివ్వాలి. అంత తొందరేమొచ్చింది? పర్యావరణ ప్రభావ మదింపు జరిగిందా? చెట్లు కొట్టడానికి అటవీ అధికారుల అనుమతి ఉందా? కొట్టిన చెట్లను ఏం చేస్తున్నారు? 2025 ఏప్రిల్ 16లోగా ప్రధాన కార్యదర్శి వీటికి బదులు చెప్పాలని కోర్టు గడువు పెట్టింది. ఆ జవాబుకి ఎకో పార్కు రంగుల బొమ్మలు పనికిరావు, అనుమతి కాగితం కావాలి. ఉంటే చూపించండి. లేకపోతే పండగ పూట ఆ యంత్రాల తాళాలు ఎవరి మాట మీద తిరిగాయో, ఆ మనిషి పేరేమిటో, హోదా ఏమిటో రాతలో చెప్పండి. అప్పటిదాకా ఆ యూనివర్సిటీ ఒక్క కుర్చీ కూడా కదల్చదు.