ఇంటి మనిషికి జీతమెందుకు?

చిలుకూరు పిలగాడి చేతికి హెవీ లైసెన్సు వచ్చిందని తెలిస్తే చాలు, అరుగరుగుకూ ఒక సలహాదారు పుట్టుకొస్తాడు. మేళ్లచెరువు పొమ్మంటాడొకడు, సిమెంటు లోడుకు కొదవ లేదట. మిర్యాలగూడ మిల్లుల బియ్యమే నయమంటాడు ఇంకొకడు. మూడోవాడు గొంతు తగ్గించి, "కోదాడలో మా బామ్మర్దికి ఎరుకైన సేటున్నడు, బంగారమసుంటి మనిషి" అంటాడు. మన రవాణా రంగం మొత్తం ఈ మూడో సలహా మీదే నడుస్తోంది. బంగారంలాంటి మనుషులు లారీలు కొంటారు, ఎవరో ఒకరి బామ్మర్దికి ఎరుకైన పిల్లలు వాటిని తోలుతారు.

లైసెన్సు ఊరికే రాలేదు. రవాణా బండి తోలాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. ముందు కారు, జీపు లాంటి చిన్న బండి లైసెన్సు ఏడాదిపాటు చేతిలో ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను మాత్రం 2019లో ఎత్తేశారు. లారీ తోలడానికి చదువుతో పనిలేదని సర్కారు తేల్చింది, మంచిదే. నెలాఖరున సేటు రాసిచ్చే లెక్క చదవడానికి మాత్రం పీహెచ్‌డీ చాలదు.

ఇక మొదటి కంపెనీని ఎంచుకునే ఘట్టం. ఎంచుకునేది పిలగాడే అనుకుంటున్నారేమో! ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో జరిగే ఇంటర్వ్యూ వినండి.

"ఎన్నేండ్ల అనుభవం?"

"కొత్తన్నా, మొన్ననే లైసెన్సొచ్చింది."

"అనుభవం లేనోనికి లక్షలు పోసి కొన్న బండి ఎట్లిస్తరు తమ్మీ?"

"మరి అనుభవం ఎట్లొస్తదన్నా?"

"బండి నడిపితే వస్తది."

వెనకటికి ఈ చిక్కుముడి విప్పడానికి క్లీనరు సీటు ఉండేది. రెండేళ్లు టైర్లు తట్టి, అద్దాలు తుడిచి, ఉస్తాద్ నిద్రపోయినప్పుడు స్టీరింగు పట్టి పని నేర్చేవారు. ఖర్చు దండగని ఆ సీటును ఓనర్లే ఖాళీ చేయించారు. ఇప్పుడు పట్టా కప్పేదీ, తాడు బిగించేదీ, చక్రం కింద రాయి పెట్టేదీ డ్రైవరే. రివర్సులో వెనక నిలబడి "రానీ, రానీ" అనాల్సింది కూడా అతనే. అదెట్లా సాధ్యమని అడిగితే, అద్దాలున్నయి గదా అంటారు.

సరే, బేరం కుదిరింది. పిలగాడు ధైర్యం చేసి జీతమెంతన్నా అని అడుగుతాడు. సేటు నొచ్చుకుంటాడు. "జీతం సంగతి అడుగుతున్నవేంది తమ్మీ? నువ్వు మా ఇంటి మనిషివి."

అదే అపాయింట్‌మెంట్ లెటరు. అంతకుమించి కాగితం ఉండదు. సిమెంటు పరిశ్రమ పక్కనే బియ్యం మిల్లులు, దగ్గర్లోనే 65వ నంబరు హైవే, ఇన్ని వేల టన్నులు కదిలే నేల మీద ఒక మనిషిని పనిలో పెట్టుకున్నట్టు తెలిపే తెల్లకాగితం దొరకదు. ఇంటి మనిషికి కాగితమేంటి, సిగ్గుచేటు కాదూ! లాభం వస్తే అది ఓనరుది. నష్టం వస్తే ఇంటి మనుషులందరూ పంచుకోవాలి, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనిషి డ్రైవరు.

చట్టం లేదనకండి, ఉంది. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చేశారు. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరప్రయాణమైతే అనుమతి తీసుకుని రోజుకు 10, వారానికి 54 దాకా. అయిదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నారు. చదువుతుంటే జోలపాటలా ఉంటుంది. చిన్న మెలికేమిటంటే, అయిదుగురు పనివాళ్లున్న సంస్థకే అది వర్తించేది. మన బంగారు మనుషులు లెక్కలు తెలిసినవాళ్లు. రెండు బండ్లు తన పేరిట, రెండు భార్య పేరిట, రెండు తమ్ముడి పేరిట, రెండు ఇంకా డిగ్రీ చదువుతున్న కొడుకు పేరిట. ఆర్‌సీలు పరిచి చూస్తే సంస్థ ఎక్కడా కనిపించదు, చల్లని ఉమ్మడి కుటుంబం కనిపిస్తుంది. పార్లమెంటుకు ఈ శ్రమ చూసి జాలేసినట్టుంది. పాత చట్టాన్ని కలిపేసుకున్న 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో ఆ అయిదును పది చేసింది. ఇకనుంచి కొడుకు పేరు కూడా వాడుకోనక్కర్లేదు.

సరుకు వెంట వెళ్లే ఈ-వే బిల్లు సంగతి వేరు. మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చారు. కాగితం అలసిపోకూడదు గదా. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్న మనిషికి మాత్రం, "తెల్లారేసరికి హైదరాబాద్‌ల అన్‌లోడు గావాలె, మాపటికి మళ్లా ఫ్యాక్టరీ గేటు కాడుండాలె" అని ఫోనొస్తుంది. తీరా గేటు దగ్గరికొస్తే సీరియల్ రాలేదంటారు. రాత్రంతా యార్డులో, రేపంతా యార్డులో. చక్రం తిరగనిదే బత్తా లేదు. ఆకలి మాత్రం బండి ఆగినా ఆగదు. ఫ్యాక్టరీవాళ్లను అడిగితే, డ్రైవర్లు మా మనుషులు కారు, ట్రాన్స్‌పోర్టరును అడగండంటారు. ట్రాన్స్‌పోర్టరేమో ఓనరును చూపిస్తాడు, ఓనరు ఆకాశాన్ని చూపిస్తాడు.

ఇప్పుడా నెలాఖరు చీటీ చూద్దాం. ఎడమవైపు ట్రిప్పులు, బత్తా, రెండే వరుసలు. కుడివైపు కటింగులు, అక్కడే సేటు సాహిత్యమంతా ఉంటుంది. డీజిల్ షార్టేజీ: లీటరుకు నాలుగు కిలోమీటర్లు రావాలని పుస్తకంలో రాసుకున్నారు. బటన్ అరిగిన టైర్లూ, లైనులో గంటల తరబడి ఆన్‌లో ఉన్న ఇంజనూ ఆ పుస్తకం చదవలేదు, తక్కువ పడింది డ్రైవరు ఖాతాలో. చిరిగిన బస్తాలు నాలుగు: హమాలీ కొక్కెం వేసి లాగినవి, డ్రైవరు ఖాతా. పగిలిన సైడు అద్దం, పోయిన తాడు, పంచరు, అన్నీ అక్కడికే. ఓవర్‌లోడు చలానా కూడా. పన్నెండు టైర్ల బండి లోడుతో కలిపి 35 టన్నులు దాటకూడదని 2018 నుంచి లెక్క. దాటితే 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000 అని 2019 సవరణ చట్టం. ఎక్కువ లోడు ఎక్కించమని చెప్పింది సేటు, ఆ కిరాయి తీసుకుంది సేటు. "కాటా కాడ చూసుకోవద్దా తమ్మీ" అనేది కూడా ఆయనే. చీటీ అడుగున అన్నిటికన్నా పొడుగు వరుస: పాత బాకీ. చేరిన రోజున చెల్లి పెళ్లికో, నాయన ఆపరేషనుకో ప్రేమగా ఇచ్చిన అడ్వాన్సు అది. అది తీరేదాకా బండి దిగడానికి లేదు, కటింగులు పోయేదాకా అది తీరదు.

2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో సూర్యాపేట దాటి ఎరిగినవాళ్లకు అదెంత వరమో తెలుసు. మొన్నొక ఓనరు ఆ స్విచ్చి మీద టేపు అంటించి, "వేసుకో, నేనొద్దంటనా? మైలేజీ మాత్రం నాలుగు రావాలె" అన్నాడట.

అమెరికాలో ఇలా కాదనే కజిన్లు ప్రతి ఇంటికీ ఉన్నారు. నిజమే, అక్కడ రోజుకు 11 గంటలకు మించి తోలకూడదు, గంటలు లెక్కపెట్టడానికి బండిలో ఎలక్ట్రానిక్ పెట్టె. అయినా కొత్తవాడికి లైసెన్సు నేర్పి, ఆ ఫీజు తీరేదాకా ఇంత కాలం మా దగ్గరే తోలాలని సంతకం పెట్టించుకునే కంపెనీలు అక్కడా ఉన్నాయి. అడ్వాన్సుకు ఇంగ్లిష్ కోటు తొడిగారు, అంతే. పైగా మనది వీసా బాలాజీ ఉన్న చిలుకూరు కాదు, అది మొయినాబాద్ పక్కది. అక్కడికి వెళ్లి ప్రదక్షిణలు చేసినా లాభం లేదు, లారీ డ్రైవర్ల వీసాలు ఆపేస్తున్నామని 2025 ఆగస్టులో అమెరికా ప్రకటించేసింది.

డ్రైవరు ఒకడున్నాడని దేశానికి ఒక్కసారి గుర్తొచ్చింది. 2024 జనవరి మొదట్లో, గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త సెక్షను మీద డ్రైవర్లు బండ్లు ఆపారు. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు, ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి వెళ్లాడు. జూలైలో కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టారు. ట్యాంకర్లు కదలగానే డ్రైవరును మళ్లీ మరిచిపోయారు.

కాబట్టి తమ్మీ, జీతమెంత, బత్తా ఎంత అని అడిగి పరువు పోగొట్టుకోకు. ఆ రెండింటికీ సేటు దగ్గర తీయని జవాబులున్నాయి. ఒక్కటే అడుగు: ఇంతకుముందు ఈ బండి మీద ఎవరుండేవారు?

"ఉండె ఒకడు. పొగరెక్కి పోయిండు."

అంతకుముందు?

"వానికీ పొగరే."

అయిదేళ్లలో ఆ బండి ఎక్కిన ప్రతివాడికీ పొగరే, సేటు ఒక్కడే సాధువు. అప్పుడు మెల్లగా అడుగు, "ఆ పొగరుబోతు ఫోన్ నంబరు జర ఇస్తవా అన్నా?"

"నీగ్గూడ పొగరున్నట్టుందే" అంటూ తాళంచెవి మళ్లీ సొరుగులో వేసుకుంటాడు.