నాన్న అప్పు లెక్కలోకి రాదు

అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కెమిస్ట్రీ డిగ్రీ పక్కన రెండు అంకెలుంటాయి: వచ్చే జీతం, మిగిలే అప్పు. జీతం పెద్దది, అప్పు చిన్నది, ఇంకేం, చేరిపోవచ్చు! అప్పు ఎందుకు చిన్నదంటే, అమ్మానాన్నల మీద ఆధారపడిన విద్యార్థికి సాధారణంగా డిగ్రీ మొత్తానికీ ఫెడరల్ రుణం 31,000 డాలర్లు దాటనివ్వరు. ఆపైన నాన్న సంతకం పెట్టిన పేరెంట్ ప్లస్ రుణాన్ని విడిగా చూపిస్తారు, ప్రైవేటు బ్యాంకు అప్పు అసలు లెక్కలోకే రాదు. ఇంటిల్లిపాదీ మునిగినా పిల్లాడి మోకాలు తడవదన్నమాట.

జీతం సంగతీ అంతే. ఫెడరల్ సాయం పొందినవారి సంపాదనే చూస్తారు. అందులోనూ పీహెచ్‌డీకో మెడిసిన్‌కో వెళ్లి ఇంకా చదువుతున్నవారిని తీసేస్తారు. కెమిస్ట్రీవాళ్లలో అలా వెళ్లేవారే బోలెడుమంది. ఏ లెక్కా లేకపోవడం కన్నా ఇది నయం కదా అంటారు. నయమే, ఒక కాలేజీని ఇంకో కాలేజీతో పోల్చడానికి. 2026 జూలై నుంచి ప్లస్ రుణానికీ ఒక్కో పిల్లాడికి 65,000 డాలర్ల హద్దు పెట్టారుగా అనీ అంటారు. హద్దు దాటిన అవసరం బ్యాంకు గడప తొక్కుతుంది, అంటే మళ్లీ ఆ లెక్కలో లేని చోటికే. మూడు అప్పులూ కలిపి కూడే పని మాత్రం నాన్నకు హోంవర్క్.